పేరు పెట్టకుండానే పారేశాం

మన విశ్వవిద్యాలయాల బాటనీ విభాగాల్లో పాత థీసిస్‌లు పెట్టిన బీరువా తెరిస్తే ఒకే రకం పుస్తకాలు వరసగా కనిపిస్తాయి. ఫలానా జిల్లా వరి పొలాల్లో శిలీంధ్రాలు, ఫలానా అడవి నేలలో శిలీంధ్రాలు, ఫలానా ఫ్యాక్టరీ నీళ్ళు పారిన నేలలో శిలీంధ్రాలు. లోపల పట్టికలుంటాయి. ఆస్పర్జిల్లస్ నైగర్, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పెనిసిలియం, ఫ్యుసేరియం, రైజోపస్, ట్రైకోడెర్మా. ఊరు మారినా ఈ పేర్లు పెద్దగా మారవు. పట్టిక అడుగున మాత్రం ఒకటి రెండు వరసలు వేరుగా ఉంటాయి: ‘స్టెరైల్ మైసీలియం, తెలుపు’, ‘స్టెరైల్ మైసీలియం, నలుపు’, ‘గుర్తించనివి’.

బాటనీతో పనిలేనివారికి ఈ వరసల అర్థం చెప్పాలి. చిటికెడు మట్టిని నీళ్ళలో కలిపి పెట్రిడిష్‌లో పోస్తే నాలుగైదు రోజులకు బూజులు లేస్తాయి. వాటి సిద్ధబీజాల ఆకారం, అమరిక మైక్రోస్కోపులో చూసి పేరు చెబుతాం. కొన్ని బూజులు మనం పెట్టిన తిండి మీద బీజాలు పెట్టవు. ఊరికే దారాల్లా పాకి ఊరుకుంటాయి. బీజాలు లేకపోతే పేరు చెప్పడం అప్పట్లో మాకు చేతకాదు. అందుకని రంగు రాశాం. రాసి, ఆ డిష్‌ను మిగతావాటితో కలిపి ఆటోక్లేవ్‌లో ఉడికించి, కడిగి, మళ్ళీ వాడుకున్నాం.

ఆ పట్టికలు రాసినవాళ్ళం మేమే. రాయించిన గైడ్లమూ మేమే. వైవాకు వెళ్ళి, ఆ వరస దగ్గర ఆగకుండా పేజీ తిప్పి, టీ తాగి, ‘అభినందనలు’ అని సంతకం పెట్టి వచ్చిందీ మేమే. ఆ తెల్ల బూజుల్లో లోకానికి తెలియని జాతి ఏదైనా ఉండి ఉంటుందా? ఉండి ఉండవచ్చు. ఏమీ లేకపోయి ఉండవచ్చు కూడా. ఉందో లేదో ఇక ఎవరూ తేల్చలేరన్నదే అసలు నేరం. ఆ మట్టి తెచ్చిన పొలాల్లో చాలావాటిలో ఇప్పుడు వెంచర్లు లేచాయి.

కొత్త శిలీంధ్రం దొరకడం ఏదో పుణ్యం కొద్దీ జరిగే పనేమీ కాదు. ఇంతవరకు లోకం మొత్తం మీద పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర. అసలు ఉన్నవెన్ని అన్నదానికి 2017లో హాక్స్‌వర్త్, ల్యూకింగ్ అనే శాస్త్రవేత్తలు వేసిన అంచనా 22 లక్షల నుంచి 38 లక్షలు. ఏటా రెండు వేల పైచిలుకు కొత్త పేర్లు చేరుతున్నాయి. తక్కువ అంచనానే పట్టుకున్నా, ఈ వేగాన పోతే ఇంకా వెయ్యేళ్ళ పని మిగిలి ఉంది. అంటే మన చేతికి తగిలే బూజుల్లో పేరు లేనివి తప్పకుండా ఉంటాయి. మాకు తగల్లేదని కాదు. తగిలినదాన్ని నిలుపుకోలేదు.

సాకులు చాలా చెప్పుకున్నాం. గ్రాంట్లు లేవన్నాం, అది కొంత నిజమే. మంచి మైక్రోస్కోపు లేదన్నాం, అదీ నిజమే. కొత్త జాతిని ప్రకటించాలంటే వర్ణన లాటిన్‌లో రాయాలి, మాకు లాటిన్ ఎక్కడ వస్తుంది అన్నాం. 2012 జనవరి నుంచి ఇంగ్లీషులో రాసినా చాలన్నారు. ఆ సాకు పోయిన తర్వాత కూడా మా పట్టికలు మారలేదు. దాన్నిబట్టి చూస్తే అడ్డు లాటిన్ కాదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

సరే, పేరు లేని బూజు పోతే ఏం పోయింది అంటారా? జ్వరమొస్తే డాక్టరు రాసే సెఫిక్సిమ్ వంశాన్నే చూడండి. 1945లో సార్డీనియా దీవిలో, కాలియారీ పట్టణపు మురుగు సముద్రంలో కలిసే చోట, బ్రోట్సు అనే డాక్టరు ఒక శిలీంధ్రాన్ని పట్టి దాచాడు. సెఫలోస్పోరిన్లన్నీ ఆ దారిన వచ్చినవే. 1943లో అమెరికాలోని పియోరియాలో బూజుపట్టిన ఒక ఖర్బూజా దొరికింది. దాని మీది పెనిసిలియాన్ని అక్కడి ప్రభుత్వ ప్రయోగశాల నంబరు వేసి భద్రపరిచింది. పెన్సిలిన్‌ను టన్నుల్లో తీయడం సాధ్యమైంది ఆ బూజు సంతతితోనే. 1969లో సాండోజ్ కంపెనీ ఉద్యోగి ఒకాయన సెలవుకు నార్వే వెళ్ళి, హర్దంగర్‌విద్ద పీఠభూమి మీద కాస్త మట్టి సంచీలో వేసుకొచ్చాడు. ఎక్కడికి వెళ్ళినా మట్టి తేవడం ఆ కంపెనీవాళ్ళకు అలవాటు. ఆ మట్టిలోని శిలీంధ్రం నుంచి వచ్చిన సైక్లోస్పోరినే అవయవ మార్పిడి చరిత్రను మార్చేసింది. మురుగు, కుళ్ళిన పండు, మట్టి. వీటిలో మన దగ్గర లేనిదేది?

జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన ఉండేవాడు, 2024లో పోయాడు. ఉత్తరాన అకితా ప్రాంతంలో రైతు కుటుంబం. చిన్నప్పుడు తాత పుట్టగొడుగులు చూపించేవాడట. ఈగల్ని చంపుతుంది గాని మనిషినేమీ చేయని ఒక పుట్టగొడుగు అక్కడి జనానికి తెలుసు. అదెందుకలా అన్న ప్రశ్న ఆ పిల్లవాణ్ణి వదల్లేదు. పెద్దయ్యాక కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం కోసం ఆరు వేల రకాల శిలీంధ్రాలను పరీక్షించాడు. 1973లో అది ఒక పెనిసిలియంలో దొరికింది. ఆ పెనిసిలియం క్యోటోలోని ఒక ధాన్యం కొట్టు బియ్యం మీద పట్టిన బూజు. ఇవాళ మన ఇళ్ళల్లో నాన్నలు, అమ్మలు రాత్రి పూట వేసుకునే అటోర్వాస్టాటిన్ రసాయన శాలలో తయారైనదే కావచ్చు, దానికి దారి చూపించింది మాత్రం ఆ బియ్యం బూజే.

వానాకాలంలో మన బియ్యానికీ బూజు పడుతుంది. ఎండలో ఆరబోస్తాం, చెరుగుతాం, వండుకుంటాం. అందులో తప్పేముంది? ఇల్లు గడుపుకునేవాళ్ళ పని వండుకోవడమే. చూడడం జీతం తీసుకున్న మా పని. ఇంకో మాట కూడా చెప్పాలి: ఎండోకు చూపించిన తాత లాంటివాళ్ళు మనకు లేకపోలేదు, వాళ్ళ మాట వినే మనవళ్ళనే మేం తయారు చేయలేదు.

మా క్లాసుల సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. డిగ్రీ మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఎగారికస్ అనే పుట్టగొడుగు ఉంటుంది, అదీ శిలీంధ్రమే. సైంటిఫిక్ స్టోర్స్ నుంచి పర్మనెంట్ స్లైడ్లు కొన్నాం. ఫార్మలిన్ సీసాలో రంగు వెలిసిన గొడుగొకటి చూసి గుర్తుపట్టాల్సిన స్పాటర్‌గా పెట్టాం. పిల్లలు సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని బొమ్మ దించారు. మేం ఎర్ర సిరాతో టిక్కు పెట్టాం. సరిగ్గా ఆ జూలైలోనే, ఆ కాలేజీ గ్రౌండులోనే, వాన వెలిసిన మర్నాడు గొడుగులు గుంపులుగా లేచి ఉండేవి. వాటిని చెప్పుకాలితో తన్నుకుంటూ పిల్లలు ల్యాబుకు వచ్చేవారు. ‘ఒకటి తెండి చూద్దాం’ అనలేదు. అంటే దాని పేరేమిటి సార్ అని అడుగుతారు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాం. ఆ సిగ్గే లేకపోతే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదేమో.

పుట్టల మీద లేచే గొడుగులనే తీసుకోండి. గోదావరి వైపు పుట్టకొక్కులంటారు. తొలకరి పడి నేల బాగా నానాక వస్తాయి, రెండు రోజులుంటాయి, పోతాయి. మన్యం రోడ్ల పక్కన ఆకుల్లో పెట్టుకుని ఆడవాళ్ళు అమ్ముతుంటే కార్లాపి కొంటాం. కాడ పొడుగ్గా వేరులా భూమిలోకి దిగి ఉంటుంది. కింద చెదలు కట్టుకున్న తోట దాకా పోతుంది ఆ కాడ. ఆకూ అలమూ నమిలి తెచ్చి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి చెదలు. అవి లేకుండా షెడ్లలో దీన్ని వ్యాపారానికి సరిపడా పండించడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. శాస్త్రంలో దీని ప్రజాతి టెర్మిటోమైసిస్. దక్షిణాది జనం తరతరాలుగా తింటున్న ఒక రకానికి టెర్మిటోమైసిస్ హీమై అని పేరు పెట్టి ప్రపంచానికి చెప్పింది మద్రాసు శాస్త్రవేత్త నటరాజన్. ఎప్పుడు? 1979లో. ముత్తాతల కాలం నుంచి కూరొండుకున్నదానికి నిన్నమొన్నటి దాకా శాస్త్రంలో చోటు లేదు. ఇంకా చోటు లేనివి మన పుట్టల కింద ఎన్ని ఉన్నాయో లెక్క తీయాల్సినవాళ్ళం మేం తీయలేదు.

కోయ, కొండరెడ్డి, గోండు, చెంచు ఇళ్ళల్లో ఏది తినాలో, ఏది కుక్కగొడుగో చూసి చెప్పగల ముసలమ్మలు ఉండేవారు. ఇంకా ఉన్నారు, తగ్గిపోతున్నారు. మేం ఆ ఊళ్ళకు వెళ్ళాం. వెళ్ళలేదని కాదు. ఔషధ మొక్కల పేర్లు అడిగి రాసుకుని వచ్చాం, ఎందుకంటే వాటికి పేపర్లు అచ్చయ్యేవి. పుట్టగొడుగుల మాట అడగలేదు. ఉరుములు ఉరిమితే గొడుగులు లేస్తాయని వాళ్ళంటే నవ్వాం. జపాన్‌లో ఇవాతె విశ్వవిద్యాలయం వాళ్ళు నవ్వకుండా, షిటాకే దుంగలకు విద్యుత్తు షాక్ ఇచ్చి చూశారు; దిగుబడి పెరిగింది. ఉరుము మాటకు అదొక్కటే చాలిన రుజువని నేననను. కాని వాళ్ళు అడిగి చూశారు, మేం నవ్వి వచ్చాం.

ఇక పుట్టల సంగతి. పొలం చదును చేసేటప్పుడు జేసీబీ ముందు పుట్టనే తీస్తుంది. ఇంటికి పునాది వేసేటప్పుడు చెదల మందు పోయిస్తాం. నాగుల చవితికి పాలు పోయడానికి ఒక్క పుట్ట మిగిలితే చాలనుకున్నాం. నా ఇంటి పునాదికీ ఆ మందు పోయించాను. పోయించకుండా ఉండమని ఎవరికీ చెప్పలేను కూడా. కాని పోసే ముందు అక్కడేమున్నదో చూసి రాసి పెట్టమని బాటనీ చదివిన ఒక్కడైనా చెప్పాలి కదా. మాలో ఎవరం చెప్పలేదు.

పొలంలో మా మౌనం ఇంకా వింతది. గుంటూరు మిర్చి రైతు కాయకుళ్ళుకు, వరి రైతు పాముపొడ తెగులుకు కొట్టే మందుల్లో అజాక్సీస్ట్రోబిన్ ఒకటి. అది పుట్టగొడుగు నేర్పిన మందు. ఐరోపా అడవుల్లో రాలిన పైన్ కాయల మీద బొటనవేలంత గొడుగు ఒకటి లేస్తుంది. తన తిండికి పోటీ వచ్చే బూజుల్ని ఆపడానికి అది ఒక పదార్థం వదులుతుంది. 1977లో జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని విడదీశారు. ఎండకు చెడకుండా దాని నమూనా మీద కంపెనీలు తయారు చేసిన రసాయనమే ఇప్పుడు మన డీలర్ల దుకాణాల్లో ఉన్నది. కరీంనగర్ చుట్టుపక్కల హైబ్రిడ్ వరి విత్తనం పండించే రైతులు, వెన్ను పూర్తిగా బయటికి రావడానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడతారు. అదీ శిలీంధ్రం ఇచ్చిందే. వరిని వెర్రిగా పొడుగు పెంచి పడగొట్టే తెగులుకు కారణమేమిటని వెతుకుతూ 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త దాని జాడ పట్టాడు. తెగులును చూసి తిట్టుకుని ఊరుకోకుండా, ఏం చేసి ఇలా చేస్తోంది అని అడిగితే వచ్చిన వస్తువు అది. మన దగ్గర తెగుళ్ళకు కొదవ లేదు. మేం వాటికి నివారణ చర్యలు ఐదు మార్కుల ప్రశ్నగా చెప్పాం.

మన తాటిచెట్టు కథ కూడా ఉంది. గోదావరి డెల్టాలో తాటి మొవ్వు కుళ్ళి చెట్లకు చెట్లే పోతుంటే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బట్లర్ అనే ఐరిష్ అధికారి వచ్చి కారణం పట్టాడు. ఆయన దానికి పెట్టిన పేరులోని పాల్మివోరా అనే మాట ఇవాళ కోకో పండించే దేశాలన్నిటికీ తెలుసు. ఇప్పటి లెక్కలో అది అసలు శిలీంధ్రం కాదు, గోధుమ శైవలాలకు దూరపు చుట్టం. అప్పట్లో శిలీంధ్రమే అనుకున్నారు. చెట్టెక్కే గీత కార్మికులు ఆ కుళ్ళును అంతకు ముందే చూసి ఉంటారు. దొర వచ్చి పేరు కొట్టేశాడని ఫిర్యాదు చేయడం మనకు తేలిక. కాని ఆయన 1905లో బీహార్‌లోని పూసాలో మొదలుపెట్టిన నమూనాల గది ఢిల్లీలో ఇప్పటికీ నడుస్తోంది. స్వాతంత్ర్యం వచ్చాక మా కాలేజీల్లో మేం పెట్టుకున్న హెర్బేరియం షీట్లను చెదలు తిన్నాయి. ఫ్రిజ్‌లో దాచిన కల్చర్లు స్కాలర్ వెళ్ళిపోయిన ఏడాది ఎండిపోయాయి. ఎవరిని నిందిద్దాం?

అందరూ ఇలాగే ఉన్నారనడం కూడా అబద్ధమే. ఉస్మానియాలో మనోహరాచారి గారు జీవితమంతా శిలీంధ్రాల మీదే పనిచేశారు. ఆయన పేరు మీద ఒక ప్రజాతే ఉంది. అలాంటివాళ్ళు కొందరుండడం మాకు ఊరట కాకూడదు. అదే గాలి, అదే జీతం, అదే కరెంటు కోతల మధ్య పని జరుగుతుందని వాళ్ళు చూపించారు. మిగిలినవాళ్ళం ఆ ఒకరిద్దరి పేర్లు చెప్పుకుని బతికేశాం.

చెప్పుకోవడంలో మనం గట్టివాళ్ళం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి విగ్రహాలకు దండలు వేస్తాం. ఆయన నడిపించిన పరిశోధన విభాగం నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. లోకం నలుమూలల మట్టి వెతికితే దాన్నిచ్చే సూక్ష్మజీవి చివరికి అమెరికాలోని మిస్సోరీ నేలలో దొరికింది. ఆయన పోయాక, 1953లో, హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టాడు. తెలుగు పేరు మోసే ఆ శిలీంధ్రాన్ని మా పాఠాల్లో ఎంతమందిమి ప్రస్తావించాం? చేతులెత్తమంటే నా చెయ్యి కూడా లేవదు.

పరిశ్రమ మాట మాత్రం ఎందుకు వదలాలి? హైదరాబాద్ చుట్టూ మందులు తయారుచేసి లోకానికి పంపుతున్నాం. అది చిన్న విషయం కాదు, ఎన్నో కుటుంబాలు దాని మీద నిలబడ్డాయి. కాని ఇంకొకరు కనిపెట్టిన అణువును చవగ్గా చేయడంలోనే మన తెలివంతా పెట్టాం. ఆఖరికి పెన్సిలిన్-జి కూడా చైనా నుంచి చవగ్గా వస్తోంది కదా అని దేశంలో కర్మాగారాలు మూతబడ్డాయి. మళ్ళీ కాకినాడ దగ్గర పెద్ద ఎత్తున మొదలైంది 2024లో. చవగ్గా దొరికినప్పుడు కొన్నది మనమే. మూతబడ్డప్పుడు అడగనిదీ మనమే.

2021 వేసవి గుర్తుండే ఉంటుంది. కోవిడ్ తగ్గినవాళ్ళకు బ్లాక్ ఫంగస్ పట్టింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం మనుషులు ఊరూరా ఫోన్లు చేశారు. ఆ మందు కూడా వెనిజులాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చింది. శిలీంధ్రాల మీద పనిచేసే మందులు చాలా కొద్దిరకాలే ఉన్నాయని ఆ నెలల్లో టీవీలు చెప్పాయి. మాకు ముందే తెలుసు. ఆ ఏడాది దాటాక మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

కాగితం మీద మనకు అన్నీ ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే నమూనాను గుర్తింపు పొందిన భాండాగారానికి ఇవ్వాలి. పుణెలోని అగార్కర్ సంస్థలో శిలీంధ్రాల కల్చర్లు దాచే జాతీయ కేంద్రం ఉంది. ప్రతి పంచాయతీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. 2020 జనవరి నెలాఖరు లోపల పూర్తి చేయకపోతే జరిమానా అని హరిత ట్రిబ్యునల్ అన్నాక ఆ పని హడావుడిగా సాగింది. నేను చూసిన రిజిస్టర్లలో వేప, తులసి, నల్లేరు ఉన్నాయి. పుట్టగొడుగులు ఉన్నచోట ‘పుట్టగొడుగులు’ అని ఒక్క మాట ఉంది. ఏ రకం, ఏ నెల, ఏ చెట్టు కింద, ఎవరికి తెలుసు అన్న వివరమేమీ లేదు. నింపిన కుర్రాళ్ళను అనడానికి నోరు రాదు. వాళ్ళకు పాఠం చెప్పింది మేమే.

ఇప్పుడు చేయగలిగింది చిన్నదే, కష్టమైనదేమీ కాదు. ఈసారి వానలకు ఏ గొడుగు కనిపించినా, తెలియనిదాన్ని నోట్లో పెట్టుకోవద్దు. ఒకటి మాత్రం ఇంటికి తెండి. టోపీని కాడ నుంచి కోసి, తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూత పెట్టండి. తెల్లారేసరికి కాగితం మీద బీజాలు రాలి, టోపీ కింది రేకుల అచ్చు పడి ఉంటుంది. పుట్టకొక్కుదైతే లేత గులాబీ రంగు. ఆ కాగితం మడిచి దాచండి. గొడుగును చీల్చి, సన్నని వేడి మీద పెళుసుగా ఎండబెట్టి, కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ వద్దు, చెమ్మ పడుతుంది. ఏ ఊరు, ఏ తేదీ, ఏ చెట్టు కింద, కోసినప్పుడు రంగు మారిందా, వాసనెలా ఉంది అన్నవి రాయండి. ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్నేమంటారో అడిగి, చెప్పినవారి పేరు కూడా వారి అనుమతితో రాయండి. దగ్గర్లోని కాలేజీకి తీసుకెళ్ళి ఇవ్వండి. తీసుకోం అంటే అక్కడే కూర్చుని అడగండి. మేం సిగ్గుపడేలా అడగండి.

ఉద్యోగంలో ఉన్న లెక్చరర్లకు ఒక మాట. బీజాలు పెట్టని బూజుకు పేరు చెప్పలేమన్న రోజులు పోయాయి. డీఎన్‌ఏ చూసి చెప్పవచ్చు. ఒక నమూనాకు అయ్యే ఖర్చు మన సెమినార్లలో ఒక పూట భోజనాల ఖర్చులో పదో వంతు కూడా ఉండదు. పేరు తెలియదని పిల్లల ముందు చెప్పండి. చెప్పి, వాళ్ళ చేతనే నమూనాకు నంబరు వేయించి, పుణెకు పంపండి. పేరు నెమ్మదిగా వస్తుంది. నమూనా మాత్రం ఈ వారం పంపాలి.